ప్రిలిమినరీ మెడిసిన్ ఏడాది ఎంత బరువు? ర్యాంకు జాబితాకు ముందు అడుగుతున్నాను

పెన్నా_ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ ఇక్కడే పూర్తిచేశాను. ఈసారి అమెరికా మ్యాచ్‌లో, అంటే రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) సీట్లను కంప్యూటర్ కేటాయించే పద్ధతిలో, న్యూరాలజీకి దరఖాస్తు చేశాను. ఇంటర్వ్యూలు ముగిశాయి, ఏ సీటు ముందు కావాలో వరుసగా రాసిచ్చే ర్యాంకు జాబితా మిగిలింది. న్యూరాలజీ సీట్లలో కొన్ని నాలుగేళ్లూ ఒకే చోట నడుస్తాయి. వాటితో నాకు పేచీ లేదు. మిగతావి రెండో సంవత్సరం నుంచి మొదలవుతాయి. వాటిలో చేరాలంటే ముందు ఒక ఏడాది ప్రిలిమినరీ మెడిసిన్ (ప్రిలిమ్ అంటారు, చేసేవాళ్లనూ అలాగే పిలుస్తారు) మరోచోట చేసి రావాలి. ఆ ఏడాది ఎక్కడ చేయాలన్నదే తేలడం లేదు.

మూడు చోట్ల ప్రిలిమ్ ఇంటర్వ్యూలు వచ్చాయి. ఒకటి పెద్ద విశ్వవిద్యాలయ ఆసుపత్రి. పేరు చెబితే వైద్యంతో సంబంధం లేని మా బంధువులు కూడా గుర్తుపడతారు. రెండోది ఒహాయోలో ఒక మధ్యరకం ఊళ్లోని కమ్యూనిటీ ఆసుపత్రి. మూడోది న్యూయార్క్ నగరంలో, మన దేశం వాళ్లు చాలామంది పనిచేసే చోటు. మూడు చోట్లా ఒకటే మాట: "మా ప్రిలిమ్‌లు చాలా సంతోషంగా ఉంటారు." ఆ సంతోషాన్ని నేను దేనితో కొలవాలి?

వారానికి నిజంగా ఎన్ని గంటలు పనిచేస్తారు? ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది రోగులుంటారు? రాత్రిపూట ఒంటరిగా వదిలేస్తారా? ఏడాదికే వచ్చి పోయేవాళ్లం కాబట్టి చిన్నచూపు ఉంటుందా? అమెరికా లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3కి చదువుకునే వీలు దొరుకుతుందా?

మా నాన్న ఇందుకూరుపేట వైపు రొయ్యల సాగు చేస్తారు. "ఒక్క సంవత్సరమే కదా" అంటారు. పంట చేతికొచ్చేదాకా రాత్రుళ్లు ఏరేటర్ల దగ్గర కాపలా ఉండే మనిషికి నిద్ర చెడడం పెద్ద విషయం కాదు. అమ్మ రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర విదేశీ రొట్టె అందుకుని వచ్చింది. ఆమె లెక్కలో నేను ఎప్పుడో విమానం ఎక్కేశాను. ఇంట్లో దిగులు నా ఒక్కదానికే. క్యాజువాలిటీ రాత్రులు చూసినదాన్ని, పనికి వెనకాడను. ఆ పని ఏ రూపంలో మీద పడుతుందో తెలియకపోవడమే ఇబ్బందిగా ఉంది.

నిద్రలేని_ఉదయగిరి:

ప్రస్తుతం ఆ ఏడాదిలోనే ఉన్నాను, వచ్చే జూలైలో అనస్థీషియాకు వెళ్తాను. నైట్ ఫ్లోట్ (వరుస రాత్రి డ్యూటీలు) నడుస్తోంది కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

మా దగ్గర వార్డు నెలల్లో వారానికి 65 నుంచి 75 గంటలు. ఐసీయూలో 80కి ఆనుకుని ఉంటుంది. మనకు నచ్చిన విభాగం ఎంచుకునే ఎలెక్టివ్ నెలలో 45 దాటదు. చిన్నచూపు ఏమీ లేదు, కానీ చీఫ్ రెసిడెంటుకు నా పేరు డిసెంబరు దాకా నోరు తిరగలేదు. స్టెప్ 3 రెండు రోజుల పరీక్ష. తేదీని ఎలెక్టివ్ నెలలో పెట్టుకోండి. షెడ్యూలు చేతికి అందిన రోజే ఆ పని చేయండి, తరువాత చేద్దామనుకుంటే ఆ ఎలెక్టివ్‌లో ఎవరికో జబ్బు చేసి మిమ్మల్ని వార్డుకు పిలుస్తారు.

ఇంకో మాట. న్యూరాలజీలో అసలు కష్టం రెండో సంవత్సరంలో ఉంటుందని మా న్యూరాలజీ రెసిడెంట్లు చెబుతారు. రాత్రి పక్షవాతం కేసులన్నిటికీ పరుగెత్తేది వాళ్లే. కాబట్టి ప్రిలిమ్‌లోనే ఒళ్లు హూనం చేసుకుని అక్కడికి వెళ్లకండి. ఫోను మోగుతోంది, ఉంటాను.

గుండ్లకమ్మ:

అమ్మా, మాది సింగరాయకొండ దగ్గర పల్లె. ఒంగోలులో చదివాను. అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఒక కమ్యూనిటీ ఆసుపత్రిలో ప్రిలిమ్ మెడిసిన్ చేసి, ఇప్పుడు రేడియాలజీలో ఉన్నాను. చీకటి గదిలో కుర్చీలో కూర్చుని చెప్పే సలహా కాబట్టి కొంత తగ్గించుకుని చదవండి.

మీ ప్రశ్నల్లో మొదటిది కొట్టేయండి. గంటలు అడిగితే ఏ ఆసుపత్రి అయినా "80 లోపే" అంటుంది. అబద్ధం కూడా కాదు. రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చే ఏసీజీఎంఈ నియమం అదే: వారానికి 80 గంటలు, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు, వరుసగా 24 గంటలకు మించి డ్యూటీ ఉండకూడదు, ఆ పైన కేసులు అప్పగించడం వంటి పనులకు మరో 4 గంటలు. అయితే ఆ 80, ఆ సెలవు రెండూ నాలుగు వారాల సగటు. ఒక వారం 95 గంటలు చేయించి, తక్కిన మూడు వారాలు 70 చొప్పున చేయిస్తే సగటు 77 కూడా రాదు. కాగితం మీద అంతా సవ్యమే. ఇంటికెళ్లి లాప్‌టాప్‌లో పూర్తిచేసే నోట్సు కూడా గంటల్లో కలపాలని నియమం ఉంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు నమోదు చేసే ఇంటర్న్ (మొదటి ఏడాది రెసిడెంటు) కోసం నేను ఇంకా వెతుకుతున్నాను.

రోగుల సంఖ్య కొంచెం మంచి ప్రశ్న. ఇంటర్నల్ మెడిసిన్‌లో ఇంటర్న్ చేతిలో ఒకేసారి 10 మందికి మించి ఉండకూడదు, అడ్మిషన్ల రోజున 5 కన్నా ఎక్కువ కొత్త కేసులు ఇవ్వకూడదు. కానీ పదిమందీ కుదురుగా ఉంటే సాయంత్రం వెలుతురు ఉండగానే ఇల్లు చేరవచ్చు. అదే ఆరుగురే ఉండి, వాళ్లలో ముగ్గురు ఈరోజు ఇంటికి వెళ్లి, వాళ్ల స్థానంలో మరో ముగ్గురు చేరితే మధ్యాహ్న భోజనం మీద ఆశ వదులుకోవాలి. కాబట్టి తలలు కాదు, రాకపోకలు అడగండి.

మన దగ్గర డిశ్చార్జి అంటే సమ్మరీ కాగితం మీద మందులు రాసి, పది రోజుల తరువాత ఓపీకి రమ్మనడం. అక్కడ అదొక పెద్ద వ్యవహారం. ఇంట్లో వాడే మందులు, ఆసుపత్రిలో ఇచ్చినవి, ఇకపై వాడాల్సినవి పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూడాలి. నడవగలడో లేదో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. నడవలేకపోతే నర్సింగ్ కేంద్రంలో మంచం దొరకాలి, దానికి బీమా కంపెనీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వాళ్ల డాక్టరుతో మన డాక్టరు ఫోనులో వాదించాలి. ఇంటికి ఆక్సిజన్ వెళ్లాలి, వేరే రాష్ట్రంలో ఉన్న కూతురికి ఫోను చేసి చెప్పాలి. న్యుమోనియా తగ్గిపోయిన పెద్దావిడ ఎక్కడికి వెళ్లాలో తేలక వారమంతా మంచం మీదే ఉంటుంది. ఆవిడ మీద కూడా ప్రతిరోజూ నోటు రాయాలి. వైద్యపరంగా చెప్పడానికి ఏమీ లేని మనిషి గురించి రోజూ రాయడం ఎంత విసుగో అనుభవిస్తే గానీ తెలియదు.

హౌస్ సర్జన్‌గా మీరూ రక్తం తీసి ఉంటారు, కాన్యులా పెట్టి ఉంటారు, శాంపిళ్లు పట్టుకుని ల్యాబుకు నడిచి ఉంటారు. అక్కడ వాటన్నిటికీ వేరే మనుషులున్నారు. మొదటి వారం నా చేతులకు పనే లేదనిపించింది. ఆ తరువాత కంప్యూటర్ ఆ ఖాళీ మొత్తం తీసేసుకుంది. పొద్దున ఆరు, ఆరున్నరకు వెళ్లి రాత్రి ఇంటర్న్ దగ్గర కబుర్లు తీసుకోవాలి. ల్యాబ్ ఫలితాలు చూడాలి, రోగులను ఒకసారి పలకరించాలి, ఆ పైన అటెండింగ్‌తో, అంటే జట్టును నడిపే పెద్ద డాక్టరుతో, రౌండ్స్. పదకొండు తరువాత ఆర్డర్లు, కన్సల్టులకు (వేరే విభాగం వాళ్ల సలహాకు) ఫోన్లు, నోట్లు. ఇందులో రోగి పక్కన నిలబడే సమయం ఎంత తక్కువో చూసి మొదట్లో కోపం వచ్చేది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, బహుశా రేడియాలజీకి తగినవాడినే.

మీరు అసలు పట్టుకోవాల్సింది రాత్రి. సాయంత్రం ఏడింటికి మూడు నాలుగు జట్ల ఇంటర్న్‌లు వరుసగా వచ్చి తమ జాబితాలు అప్పగించి వెళ్లిపోతారు. దీన్ని సైన్ అవుట్ అంటారు. నలభై యాభై మంది రోగులు, వాళ్లలో ఒక్కరిని కూడా మీరు చూసి ఉండరు. ఒక్కో పేరు పక్కన రెండు వాక్యాలు: జ్వరం వస్తే బ్లడ్ కల్చర్ పంపు, బీపీ పడితే సెలైన్ ఎక్కించే ముందు గుండె సంగతి చూసుకో. ఆ రెండు వాక్యాలు ఎవరు ఎంత శ్రద్ధగా రాశారో దాన్ని బట్టి మీ రాత్రి గడుస్తుంది. ఆ తరువాత నర్సుల సందేశాలు మొదలవుతాయి. పొటాషియం 3.1. నిద్ర పట్టడం లేదట, ఏమైనా ఇస్తారా? మూడు రోజులుగా విరేచనం కాలేదు. బీపీ 178. 12వ గది పెద్దాయన మంచం దిగబోయి పడ్డాడు. 30వ గదిలో ఛాతీ బరువుగా ఉందంటున్నారు. 8వ గదికి పారాసిటమాల్ కావాలి. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే మోతతో వస్తాయి. వీటిలో ఏ గదికి ముందు నడవాలో తేల్చుకోవడమే ఆ ఉద్యోగం, చికిత్స తరువాతి మాట.

అందువల్ల ఇలా అడగండి. రాత్రి ఒక ఇంటర్న్ ఎంతమందికి జవాబుదారీ? సీనియర్ రెసిడెంటు అదే అంతస్తులో ఉంటారా, లేక తన అడ్మిషన్లతో ఎమర్జెన్సీలో ఇరుక్కుని ఉంటారా? రాత్రిపూట హాస్పిటలిస్టు (వార్డు రోగులను చూసే, శిక్షణ పూర్తయిన డాక్టరు) భవనంలో ఉంటారా, ఇంటి నుంచి ఫోనులో పలుకుతారా? మా దగ్గర సీనియర్ నడిచివచ్చేవారు. ఆ ఒక్క కారణంతో నా రాత్రులు భరించగలిగినవయ్యాయి.

చిన్నచూపు గురించి అడిగారు. అవమానించరు. అద్దె ఇంట్లో ఉన్నవాడు గోడకు మేకు కొట్టే ముందు ఆలోచించుకున్నట్టు ఉంటుంది మన స్థితి, అంతే. మూడేళ్లు ఉండే కేటగారికల్ ఇంటర్న్‌లకు సొంత క్లినిక్ ఉంటుంది. చాలా చోట్ల నాలుగు వారాలు వార్డులో చేశాక ఒక వారం క్లినిక్‌కు వెళ్తారు. ప్రిలిమ్‌లకు సాధారణంగా ఆ క్లినిక్ ఉండదు. మరి ఆ వారం మీకు ఏమిస్తారు? కొన్ని చోట్ల ఎలెక్టివ్ ఇస్తారు. కొన్ని చోట్ల క్లినిక్‌కు వెళ్లినవాడి రోగులను మీ మీద వేస్తారు. ప్రిలిమ్ ఏడాది తేలికో బరువో తేలేది ఇక్కడే, దీన్ని ఏ ఇంటర్వ్యూలోనూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇందుకు మందు ఒకటే. సంతోషం సంగతి వదిలేసి, పోయిన ఏడాది ఒక ప్రిలిమ్‌కు ఇచ్చిన షెడ్యూలు పంపమని అడగండి. చాలా చోట్ల నాలుగు వారాల బ్లాకులు 13 ఉంటాయి. వార్డు ఎన్ని, ఐసీయూ ఎన్ని, రాత్రులు ఎన్ని, ఎలెక్టివ్ ఎన్ని అని మీరే లెక్కపెట్టుకోండి.

మరిచాను. ఒహాయో అయితే జనవరిలో పొద్దున అయిదింటికి కారు అద్దం మీద మంచు గీకే పని కూడా డ్యూటీలో భాగమే. దాన్ని ఏ సగటులోనూ కలపరు.

కావలి_పాత_వైద్యుడు:

పదిమంది రోగులకు ఇంత పురాణమా? నాయనా, మా రోజుల్లో హౌస్ సర్జన్ పొద్దున వార్డులో అడుగు పెడితే మర్నాడు సాయంత్రం బయటికి వచ్చేవాడు. గంటలు లెక్కపెట్టమని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పటికీ నా నర్సింగ్ హోములో ఓపీ రోజు వందమంది వస్తారు. చేతి మీద చేయి వేసి జబ్బు కనిపెట్టడం అలా పనిచేస్తేనే వచ్చింది. ఈ అమ్మాయికి నేను చెప్పేదొకటే: ఎక్కడ ఎక్కువ కేసులు ఉంటే అక్కడికి వెళ్లు. తేలికైన చోటు వెతుక్కుని వెళ్లినవాళ్లు తరువాత రాత్రి రెండింటికి ఒంటరిగా నిలబడ్డప్పుడు ఇబ్బంది పడతారు.

గుండ్లకమ్మ:

సార్, మీ అనుభవం ముందు నేను చిన్నవాడిని. కానీ ఓపీలో వందమందిని చూడడం వేరు, అడ్మిట్ అయిన పదిమందిని మోయడం వేరు. ఆ పదిమందిలో చాలామందికి డయాలసిస్, గుండె వైఫల్యం, క్యాన్సర్, ఇరవై రకాల మందులు కలిసే ఉంటాయి.

గంటల లెక్క సోమరితనంతో పుట్టింది కాదు సార్. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయన్ అనే 18 ఏళ్ల అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరి కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆమెను చూసినవాళ్లు ఒక ఇంటర్న్, ఒక జూనియర్ రెసిడెంటు. ఆ ఇంటర్న్ చేతిలో ఆ రాత్రి ఇంకా చాలామంది రోగులున్నారు. తండ్రి పత్రికా రచయిత కావడంతో విషయం కోర్టుకు, గ్రాండ్ జ్యూరీకి, ప్రభుత్వ కమిటీకి వెళ్లింది. 1989 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో 80 గంటల పరిమితి వచ్చింది, 2003లో దేశమంతటికీ వచ్చింది. 2011లో ఇంటర్న్‌లకు వరుసగా 16 గంటలే అన్నారు, 2017లో మళ్లీ 24కి వదిలారు.

మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఐకంపేర్ అని 63 ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రాముల్లో పెద్ద అధ్యయనం చేశారు. డ్యూటీ పొడవు మీద పరిమితి సడలించిన చోట రోగుల మరణాలు పెరగలేదు. అయితే అదే అధ్యయనంలో, సడలించిన చోట ప్రోగ్రాం డైరెక్టర్లకు సంతృప్తి ఎక్కువ, ఇంటర్న్‌లకు తక్కువ అని కూడా తేలింది. పని చేయించేవాళ్లకు ఒకటి, చేసేవాళ్లకు ఒకటి.

కేసులు ఎక్కువ ఉన్నచోటికి వెళ్లమన్న మాట నేనూ ఒప్పుకుంటాను, కానీ న్యూరాలజీకి వెళ్లే అమ్మాయికి ఏ కేసులు అన్నది చూడాలి. ఐసీయూలో ఒక నెల ఎక్కువైతే వెంటిలేటరు, ఆగని మూర్ఛలు, సెప్సిస్ చూస్తుంది. అవి రేపు పనికొస్తాయి. నర్సింగ్ కేంద్రంలో మంచం కోసం ఫోన్లు చేసే నెల ఇంకొకటి ఎక్కువైతే ఆమెకు ఏమి ఒరుగుతుంది?

కావలి_పాత_వైద్యుడు:

ఐసీయూ సంగతి ఒప్పుకున్నాను. ఫోన్లు చేయడం వైద్యమని మాత్రం నేను ఒప్పుకోను.

దర్గామిట్ట_అక్క:

చెల్లీ, పైన అన్నయ్యలు పని బరువు గురించి చెప్పారు. నేను జాబితా గురించి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పొరపడితే బరువు మోసే అవకాశమే ఉండదు.

ప్రధాన జాబితాలో నీ న్యూరాలజీ సీట్లు ఉంటాయి. రెండో ఏడాది నుంచి మొదలయ్యే ప్రతి సీటుకూ ఒక అనుబంధ జాబితా తగిలించుకోవచ్చు, ప్రిలిమ్‌లు అందులోకి వెళ్తాయి. కంప్యూటర్ ముందు న్యూరాలజీ సీటు తేలుస్తుంది. అది దొరికాకే దానికి తగిలించిన అనుబంధ జాబితా తెరుస్తుంది. కాబట్టి ప్రిలిమ్‌లను ఏ వరుసలో పెట్టినా న్యూరాలజీ అవకాశానికి నష్టం లేదు. నీకున్నవి మూడే. ఏ ఒక్కటీ బరువుగా ఉందని తీసేయకు. న్యూరాలజీ వచ్చి ప్రిలిమ్ రాకపోతే సగం మ్యాచ్ అయినట్టు. మ్యాచ్ వారం సోమవారం ఆ సంగతి తెలుస్తుంది, ఆ వారంలోనే మిగిలిపోయిన ప్రిలిమ్ సీట్ల కోసం సోప్ అనే రెండో విడతలో దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ నువ్వు ఎంచుకునేది ఏమీ ఉండదు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లడమే.

ఇంకొకటి. కొందరు ప్రధాన జాబితా చివర, న్యూరాలజీ ఏదీ రాకపోతే అని ఉత్త ప్రిలిమ్ సీటు పెడతారు. నేను అలా వెళ్లినదాన్నే. ఆ ఏడాది వార్డులో పనిచేస్తూనే సెప్టెంబరులో మళ్లీ దరఖాస్తు, నవంబరు, డిసెంబరుల్లో ఇంటర్వ్యూల కోసం డ్యూటీలు మార్చుకోమని తోటివాళ్లను బతిమాలడం. పని బరువు కన్నా అదే ఎక్కువ అరగదీసింది. శిక్షణకు వచ్చేవాళ్లకు ఇచ్చే జే-1 వీసా అయితే ఏటా కొత్త ఒప్పందం చూపించి పొడిగించుకోవాలి. జూలైకి చేతిలో సీటు లేకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. నాకు మార్చిలో సీటు వచ్చింది కాబట్టి ఇప్పుడు ఇలా రాస్తున్నాను. అందరికీ రాలేదు. ఉత్త ప్రిలిమ్ పెట్టాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని డబ్బు, ఓపిక రెండూ లెక్క వేసుకుని తేల్చుకో.

చివరి నెల సంగతి కూడా అడుగు. ప్రిలిమ్ జూన్ 30న ముగుస్తుంది, న్యూరాలజీ జూలై 1న మొదలవుతుంది. ఓరియెంటేషన్ జూన్ చివరి వారంలోనే పెట్టేవాళ్లున్నారు. జూన్‌లో సెలవు దాచుకోనిస్తారో లేదో ముందే కనుక్కుంటే మంచిది. రాష్ట్రం మారాలి, ఇల్లు మారాలి, మధ్యలో ఒక్క రాత్రి ఉంటుంది.

పెన్నా_ఒడ్డు:

అక్కా, అన్నగారూ, సార్, అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే మూడు చోట్లకూ ఉత్తరం రాశాను. పోయిన ఏడాది ప్రిలిమ్ షెడ్యూలు కావాలని అడగడం మొరటుగా ఉంటుందేమో అనుకున్నాను, కానీ మూడు చోట్ల నుంచీ జవాబు వచ్చింది.

ఒహాయో: వార్డు 5, ఐసీయూ 2, రాత్రులు 1, ఎమర్జెన్సీ 1, ఎలెక్టివ్ 3, సెలవు 1.
న్యూయార్క్: వార్డు 7, ఐసీయూ 2, రాత్రులు 2, ఎలెక్టివ్ 1, సెలవు 1.
విశ్వవిద్యాలయం: వార్డు 6, గుండె వార్డు 1, క్యాన్సర్ వార్డు 1, ఐసీయూ 1, రాత్రులు 1, ఎలెక్టివ్ 2, సెలవు 1.

ఒహాయోలో ప్రస్తుతం ఉన్న ప్రిలిమ్ ఒకరు ఫోనులో మాట్లాడారు. రాత్రి సీనియర్ అదే అంతస్తులో ఉంటారట, హాస్పిటలిస్టు కూడా భవనంలోనే. న్యూయార్క్‌లో ఇదే ప్రశ్న అడిగితే "మా ఇంటర్న్‌లు త్వరగా స్వతంత్రులవుతారు" అన్నారు. విశ్వవిద్యాలయంలో క్యాన్సర్ వార్డు ప్రిలిమ్‌లకు ఎక్కువగా వేస్తారని అక్కడి రెసిడెంటు ఒకరు చెప్పారు, కేటగారికల్‌లు కూడా చేస్తారట కానీ తక్కువ. ఎవరిని పైన పెట్టాలి? విశ్వవిద్యాలయం పేరు వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

నిద్రలేని_ఉదయగిరి:

"త్వరగా స్వతంత్రులవుతారు" అంటే రాత్రి పైన ఎవరూ ఉండరని అర్థం. జాబితాలో మూడో స్థానం న్యూయార్కుకే.

గుండ్లకమ్మ:

అమ్మా, ఒకే వరుస అక్కర్లేదు. అక్క చెప్పిన అనుబంధ జాబితా ఒక్కో న్యూరాలజీ సీటుకు వేరువేరుగా పెట్టుకోవచ్చు. న్యూరాలజీ సీటు అదే విశ్వవిద్యాలయంలో ఉంటే దానికి విశ్వవిద్యాలయం ప్రిలిమ్‌నే పైన పెట్టండి. ఇల్లు మారే పని ఉండదు, ఆ కంప్యూటర్ వ్యవస్థ మళ్లీ నేర్చుకునే పని ఉండదు, రేపు మీరు కన్సల్టుకు వెళ్లినప్పుడు మెడిసిన్ వాళ్లు ముఖం గుర్తుపడతారు. క్యాన్సర్ వార్డు నెల కష్టంగానే ఉంటుంది, దాటేస్తారు. తక్కిన అన్ని న్యూరాలజీ సీట్లకూ ఒహాయో పైన, విశ్వవిద్యాలయం తరువాత, న్యూయార్క్ చివర.

పేరు గురించి నిజం చెబుతాను. న్యూరాలజీ అయ్యాక ఫెలోషిప్ (పై శిక్షణ) ఇంటర్వ్యూల్లో ప్రిలిమ్ ఎక్కడ చేశావని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ఆ మాట మీద ఆగరు. ఆ ఏడాది మీకు మిగిల్చేవి చేతిలో పనితనం, వెనక ఒక మంచి సిఫారసు ఉత్తరం. ఒహాయోలో మూడు ఎలెక్టివ్‌లు ఉన్నాయి కాబట్టి ఒకటి న్యూరాలజీలో, ఒకటి రేడియాలజీలో తీసుకోండి. మెదడు స్కాన్లు చూడడం అప్పుడే మొదలుపెడితే రెండో ఏడాది రాత్రులు కొంత నయం. మూడోదాన్ని స్టెప్ 3కి ఉంచుకోండి.

పెన్నా_ఒడ్డు:

అన్నగారూ, నాకు విశ్వవిద్యాలయంలోనే న్యూరాలజీ ఇంటర్వ్యూ కూడా ఉంది. అయితే దానికి అలాగే పెడతాను. ఉత్త ప్రిలిమ్ మాత్రం ప్రధాన జాబితాలో పెట్టడం లేదు, నాన్నతో కూర్చుని లెక్క వేశాం. జాబితా ఇచ్చే గడువు రాత్రి తొమ్మిది అని రాసి ఉంది, అది మన సమయమా?

దర్గామిట్ట_అక్క:

కాదు, అమెరికా తూర్పు తీరం సమయం. మార్చి మొదటి వారంలో మనకు అది మర్నాడు ఉదయం ఏడున్నర. అంతదాకా ఆగకు. రెండు రోజుల ముందే జాబితాను సర్టిఫై (ఖరారు) చేయి. చేయకపోతే ఎంత మంచి జాబితా అయినా లెక్కలోకి రాదు. తరువాత ఏదైనా మారిస్తే మళ్లీ లోపలికి వెళ్లి సర్టిఫై అయిందో లేదో చూసుకో. అనుబంధ జాబితాలు ఏ న్యూరాలజీ సీటుకు ఏది తగిలించావో కూడా ఒక్కొక్కటీ తెరిచి చూడు.